పెద్ద పైక్ చేపల కోసం తక్కువ ధరలో ఐస్ రాడ్ – ఏది తీసుకోవాలి?

గోదారి గాలం (మిన్నియాపోలిస్ దగ్గర):

అందరికీ నమస్కారం. పోయిన చలికాలం ఆఫీసులో ఒకాయన నన్ను గడ్డకట్టిన సరస్సు మీదికి తీసుకెళ్ళాడు. ఆయన ఇచ్చిన చిన్న రాడ్‌తో క్రాపీలు, సన్‌ఫిష్‌లు పట్టాను, అప్పటినుంచి ఈ ఐస్ ఫిషింగ్ బాగా పట్టేసింది. ఈసారి సొంత సామాను కొనుక్కుందామని ఉంది, అదీ చిన్న చేపలకి కాదు, నార్తర్న్ పైక్ కోసం. మాది కోనసీమ. చిన్నప్పుడు కాలవల్లో వాలుగకి గాలం వేసినవాళ్ళం కాబట్టి పళ్ళున్న చేప లాగితే ఆ ఊపు ఎలా ఉంటుందో తెలుసు, మనసు దానిమీదికే పోతోంది.

రాడ్, రీల్, లైన్ అన్నీ కలిపి 80 డాలర్లలో అవ్వాలి, తప్పదంటే 100. షాపుకెళ్ళి చూస్తే 20 డాలర్ల కాంబో (రాడ్, రీల్ కలిపి అమ్మేది) నుంచి 200 డాలర్ల రాడ్ దాకా ఉన్నాయి. మీడియం, మీడియం హెవీ, హెవీ అని రాసి ఉంటుంది గానీ ఒక కంపెనీ మీడియం హెవీ ఇంకో కంపెనీ హెవీ కంటే బిరుసుగా ఉంది, దేన్ని నమ్మాలో తెలియడం లేదు. పొడవు ఎంతుండాలి? ఫైబర్‌గ్లాసా, గ్రాఫైటా? కాంబో తీసుకోవచ్చా, విడివిడిగా కొనాలా? ఇంట్లో పాత వేసవి రాడ్ ఒకటి ఉంది, దాన్ని కోసి పొట్టిగా చేసుకుంటే పనికొస్తుందా? ఎక్కువగా మిన్నెటోంకా సరస్సు మీద, జనవరిలో ఒకసారి మిల్ లాక్స్ సరస్సుకి వెళ్ళాలని ఆలోచన. టెంట్ లేదు, బకెట్ మీద బయటే కూర్చుంటాను.

ఉత్తరపు గాలి (డులూత్):

తమ్ముడూ, ముందు చేప ఎంతుంటుందో అనుకుని మొదలుపెడదాం. మన మిన్నెసోటా రాష్ట్రంలో పైక్ రికార్డు 45 పౌండ్ల 12 ఔన్సులు, 1929లో బాస్‌వుడ్ సరస్సులో పట్టింది, ఇప్పటికీ బరువులో దాన్ని ఎవరూ దాటలేదు. అంత చేప కోసం రాడ్ కొనక్కర్లేదు. మామూలుగా తగిలేవి 3 నుంచి 8 పౌండ్లు, అదృష్టం బాగుంటే 15. వాటికి 30 డాలర్ల రాడ్ చాలు, నిజంగా చాలు. డబ్బు పెట్టాల్సింది రీల్ మీద, ఇంకా చెప్పాలంటే ఆ రీల్‌లో డ్రాగ్ మీద, అంటే చేప గట్టిగా లాగితే లైన్‌ని కొంచెం కొంచెంగా వదిలే బిగింపు మీద.

ఎందుకో చెప్తాను. వేసవిలో ఏడడుగుల రాడ్ ఉంటుంది, చేప ఎక్కడో దూరాన తగులుతుంది, అది ఒక్కసారి గుంజినా రాడ్ వంగి, లైన్ కొంచెం సాగి ఆ దెబ్బని మింగేస్తాయి. మంచు మీద అలా కుదరదు. రాడ్ మూడడుగులు, నీళ్ళు ఎనిమిదడుగులు, చేప మన కాళ్ళ కింద ఉంటుంది. సగం చచ్చినట్టు పైకి వస్తుంది, మంచులో మనం వేసిన కన్నం దగ్గరికి రాగానే వెలుతురు చూసి ఒక్క ఊపున కిందికి పోతుంది. సరిగ్గా ఆ క్షణంలో రీల్ తడబడకుండా లైన్ వదలాలి. చవక రీళ్ళలో డ్రాగ్ ముందు బిగుసుకుపోయి తర్వాత ఒక్కసారిగా వదులుతుంది, ఆ బిగుసుకున్న అరసెకనులోనే లైన్ తెగుతుంది. అందుకే 80 డాలర్లుంటే నేనైతే రాడ్‌కి 30, రీల్‌కి 35, మిగిలింది లైన్‌కీ, లీడర్‌కీ (గాలానికి ముందు కట్టే, పళ్ళకి తెగని ముక్క) పెడతాను.

పొడవు సంగతి. బయట కూర్చుంటే 36 నుంచి 42 అంగుళాలు తీసుకో. టెంట్‌లో అయితే అంత పొడవుది గుడ్డకి తగులుతూ ఉంటుంది, అక్కడ 28 నుంచి 32 సౌకర్యం. నీకు టెంట్ లేదు కాబట్టి పొడవుదే మేలు, వంగడానికి ఎక్కువ చోటు ఉంటుంది, నిలబడి కూడా ఆడించవచ్చు. పైన రాసి ఉన్న మీడియం హెవీని నమ్మకు, కంపెనీలన్నిటికీ ఒకే కొలత లేదు. షాపులోనే, కొనక ముందే, రాడ్ కొసని ఒక స్నేహితుణ్ణి పట్టుకోమని మెల్లగా ఎత్తి చూడు. పై మూడో వంతు తేలిగ్గా వంగాలి, నడుము దగ్గర గట్టిగా నిలబడాలి. మొత్తం కర్రలా నిలబడిపోతే వద్దు. పిడి దాకా వంగిపోతే అది వాల్‌ఐ అనే వేరే చేపకి వాడే రాడ్, దాంతో గాలం పైక్ దవడలో దిగదు, దవడ ఎముక గట్టిది.

ఇంక ఫైబర్‌గ్లాస్. నీ బడ్జెట్‌లో సాలిడ్ ఫైబర్‌గ్లాస్ కొనుక్కో, ఆలోచించకు. చలికి పెళుసెక్కదు, బండి డిక్కీలో ఆగర్ (మంచుకి కన్నం వేసే మర) కింద పడ్డా బతుకుతుంది, చేప గుంజితే అదే వంగి సర్దుకుంటుంది. అగ్లీ స్టిక్ వాళ్ళ ఐస్ రాడ్లు దాదాపు ఈ తరగతివే, 30 డాలర్ల అటూ ఇటూ దొరుకుతాయి. అదే కొనమని కాదు, ఆ రకం చూడు. లైన్ దూరి వెళ్ళే గైడ్ రింగులు పెద్దవిగా ఉండాలి, ఇది మాత్రం మర్చిపోకు. చిన్న రింగుల్లో నీళ్ళు గడ్డకట్టి లైన్ ఆగిపోతుంది, అప్పుడు ఎంత మంచి డ్రాగ్ ఉన్నా దండగే.

పాత రాడ్ కోసే పని అయితే మొదలు భాగం ఉంచుకుని కొస తీసేయకు, అది రోకలిలా తయారవుతుంది. రెండు ముక్కల రాడ్ అయితే కొస ముక్కకి కార్క్ పిడి అతికించి వాడేవాళ్ళు ఉన్నారు. పని చేస్తుంది, కానీ పిడికి, జిగురుకి పెట్టే డబ్బులో సగం కొత్త రాడ్ వచ్చేస్తుంది.

విన్నిపెగ్ వాసి:

పైన చెప్పినదాంట్లో రీల్ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఫైబర్‌గ్లాస్ విషయంలో మాత్రం కాదు. ఎర వేసి స్టాండ్‌లో పెట్టి కూర్చునేవాళ్ళకి ఫైబర్‌గ్లాస్ సరే. చేత్తో పట్టుకుని స్పూనో జిగ్గో (మెరుస్తూ కదిలే లోహపు ఎరలు) ఆడించేవాళ్ళకి గ్రాఫైట్ తేడా చెయ్యి పెట్టగానే తెలుస్తుంది, చేప వచ్చి ఎరని ముక్కుతో నెట్టినా చేతికి తెలుస్తుంది. లోతైన నీళ్ళలో లేక్ ట్రౌట్ కోసం వెళ్ళేటప్పుడు, అరవై డెబ్బై అడుగుల కింద ఏం జరుగుతోందో ఫైబర్‌గ్లాస్‌తో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు 40, 50 డాలర్లలోనే సాలిడ్ గ్రాఫైట్ రాడ్లు వస్తున్నాయి, మరీ పెళుసుగా లేవు. విరిగేది ఎక్కువగా చలికి కాదు, బండి తలుపు మధ్య పడి. ఒక 10 డాలర్ల గట్టి కేసు కొనుక్కుంటే ఆ భయం తీరుతుంది.

ఇంకో సంగతి. కెనడాలో మా మానిటోబాలో ముల్లు (గాలం కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే మొన) లేని గాలాలే వాడాలి, అది చట్టం. ముల్లు లేకపోతే లైన్ ఒక్క క్షణం వదులైనా గాలం జారిపోతుంది. అందుకని ఇక్కడ మేం మరీ బిరుసు రాడ్ వాడం. చేప తల విదిలించినప్పుడల్లా కొస వంగుతూ లేస్తూ లైన్‌ని బిగువుగా ఉంచాలి. బిరుసు రాడ్‌తో చేప ముందుకొస్తే లైన్ వదులు, వెనక్కి పోతే తెగుడు. పెద్ద చేప అనగానే అందరూ హెవీ వైపు పోతారు, నా లెక్కలో పైక్‌కి మీడియం హెవీ దాటక్కర్లేదు. మీ దగ్గర ముల్లున్న గాలం వాడుకోవచ్చు గానీ శ్రావణంతో ఆ ముల్లు నొక్కేసుకోండి, వదిలేసేటప్పుడు చేపకీ మీ వేళ్ళకీ మంచిది.

లైన్ గురించి ఎవరూ చెప్పలేదు. బయట కూర్చునేవాళ్ళు బ్రెయిడ్ (పోగులు అల్లిన లైన్) జోలికి పోకపోవడం మేలు. నీళ్ళు పీల్చుకుని రింగుల దగ్గర గడ్డకడుతుంది, ఇక్కడ మైనస్ 25లో అయితే తీగలా బిగుసుకుపోతుంది. 12 లేదా 15 పౌండ్ల లాగుడు తట్టుకునే మోనో (ఒకే పోగు నైలాన్ లైన్) వేసుకోండి, కొంచెం సాగుతుంది, ఆ సాగడం కూడా మీకు లాభమే. టెంట్‌లో హీటర్ ఉంటే 20, 30 పౌండ్ల బ్రెయిడ్ బాగుంటుంది.

గోదారి గాలం:

అన్నలిద్దరికీ థాంక్స్. చాలా టెన్షన్ తగ్గింది. వేసవిలో వాడే 2500 సైజు స్పిన్నింగ్ రీల్ ఒకటి ఉంది నా దగ్గర, డ్రాగ్ బాగానే ఉంటుంది. దాన్నే పెట్టేసుకోవచ్చా? అలాగైతే రాడ్ మీద ఇంకో పది ఇరవై పెట్టగలను. ఇంకొకటి, టిప్-అప్‌లే (కన్నం మీద పెట్టి వదిలేస్తే చేప తగిలినప్పుడు జెండా లేచేవి) పెట్టుకో, రాడ్ ఎందుకు అంటున్నారు ఆఫీసాయన. లీడర్ తప్పనిసరా? స్టీల్ తీగ చూస్తే చేప రాదని కూడా అంటున్నారు.

ఉత్తరపు గాలి (డులూత్):

2500 రీల్ ఉంటే ఇంక రీల్ కొననే వద్దు, 36 అంగుళాల పైన రాడ్‌కి ఆ బరువు సరిపోతుంది. ఒక్క పని చెయ్యి. వేసవి గ్రీజు చలిలో చిక్కబడుతుంది, హ్యాండిల్ తిప్పడం బరువవుతుంది, అంతకంటే ముఖ్యం, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే బేరింగ్ ఒకటుంటుంది, దాంట్లో గ్రీజు చిక్కబడితే అది పట్టడం మానేస్తుంది. సరిగ్గా గాలం బిగించే సమయానికి హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరుగుతుంది. కాబట్టి రీల్ విప్పి పాత గ్రీజు తుడిచేసి, చలికి పనికొచ్చే పల్చటి నూనె ఒకటి రెండు చుక్కలు వెయ్యి. రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి పొద్దున తిప్పి చూడు, సరస్సు మీద ఎలా ఉంటుందో ఇంట్లోనే తెలుస్తుంది.

లీడర్ తప్పనిసరి. పైక్ పళ్ళకి 15 పౌండ్ల మోనో ఒక లెక్క కాదు, తెగిపోతే చేప నోట్లో గాలాలతో మిగిలిపోతుంది, అది మనం దానికి చేయకూడని పని. ఒంటి తీగతో చేసిన లీడర్ 20, 30 పౌండ్లది పన్నెండు అంగుళాలు చాలు. నీళ్ళు మరీ తేటగా ఉంటే 60 పౌండ్ల పైన ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో కనిపించని గట్టి లైన్) వాడొచ్చు, కానీ ప్రతి చేప తర్వాత వేలితో తడిమి చూడాలి, గరుకు తగిలితే కోసేసి కొత్తది కట్టాలి. తీగ చూసి పైక్ పారిపోవడం నేను చూడలేదు.

కొలను గట్టు (సెయింట్ క్లౌడ్):

తమ్ముడూ, నేనూ మావారూ ఇద్దరం పోతాం చేపలకి. టిప్-అప్ కావాలా, రాడ్ కావాలా అన్న ప్రశ్న అసలు వద్దు, రెండూ పెట్టుకో. మిన్నెసోటాలో చలికాలం మంచు మీద ఒక్కొక్కరికి రెండు లైన్లు వేసుకోవచ్చు, కొన్ని ట్రౌట్ సరస్సుల్లో తప్ప. ఒక కన్నంలో టిప్-అప్, దానికి ఎరగా చచ్చిన స్మెల్ట్ చేపో, సకర్ చేప పిల్లో. ఇంకో కన్నంలో రాడ్‌తో నువ్వు జిగ్ ఆడించు. ఆ కదలిక చూసి పైక్ దగ్గరికి వస్తుంది, తీరా వచ్చాక కదలకుండా ఉన్న చచ్చిన చేపనే తినిపోతుంది, ఇది మళ్ళీ మళ్ళీ చూశాం. టిప్-అప్ 15 నుంచి 25 డాలర్లు, పాడవడానికి దాంట్లో ఏమీ ఉండదు. జెండా లేస్తే పరుగెత్తుకెళ్ళి లైన్ చేత్తో లాగాలి, రీల్ లేదు, డ్రాగ్ లేదు, మన వేళ్ళే డ్రాగ్. అందుకే దానికి సన్న లైన్ పనికిరాదు, వేళ్ళు కోసుకుంటాయి, 30 పౌండ్ల పైన మందపాటి డాక్రాన్ దారం వేస్తారు. ఎంత దూరంలో పెట్టినా 200 అడుగుల్లోపు నువ్వు ఉండాలి, అది రూలు.

రాడ్‌ని మాత్రం ఉత్తినే బకెట్‌కి ఆనించి వదిలేయకు. పైక్ ఒక్క గుంజుకి రాడ్‌ని కన్నంలోకి లాక్కుపోతుంది. మా పక్క టెంట్ వాళ్ళ కొత్త రాడ్ అలాగే పోయింది. గట్టి హోల్డర్‌లో పెట్టు, లేదంటే రీల్ మీద లైన్‌ని ఆపే బెయిల్ తీగ తెరిచి ఉంచి లైన్‌ని రబ్బరు బ్యాండ్ కింద తేలిగ్గా దోపు, చేప లాగితే లైన్ ఊరికే పోతుంది.

సీజన్ మొదట్లో లోతుకి పోకు. పచ్చగా బతికి ఉన్న నాచు ఎక్కడుందో చూసుకో, ఐదు నుంచి పదడుగుల నీళ్ళు, చిన్న చేపలు అక్కడుంటాయి, పైక్ వాటి వెనకే ఉంటుంది. గోధుమ రంగులో చచ్చిన నాచు దగ్గర దండగ. అందులో ఈ లోతు తక్కువ నీళ్ళలోనే నీ రాడ్‌కి అసలు పరీక్ష, ఎందుకంటే సాగడానికి లైన్ ఉండదు. చేప కిందికి పరుగు తీసినప్పుడు రాడ్ కొసని కన్నంలోకి, నీళ్ళలోకి దించేయ్. పైన పట్టుకుంటే లైన్ మంచు అంచుకి రాసుకుని తెగుతుంది. రాడ్ మరీ పొట్టిదైతే ఇది చేయలేవు, అందుకే నేనూ 36కి తక్కువ వద్దంటాను.

నువ్వు చెప్పిన రెండు సరస్సుల్లోనూ మస్కీలు (పైక్‌కి దగ్గరి చుట్టమైన చేపలు) ఉన్నాయి, ఇది జాగ్రత్తగా విను. మస్కీ సీజన్ డిసెంబరు మొదట్లోనే అయిపోతుంది, మంచు మీద తగిలితే వెంటనే వదిలేయాలి. చూడ్డానికి పైక్‌లాగే ఉంటుంది. పైక్‌కి ముదురు ఒంటి మీద లేత మచ్చలు, మస్కీకి లేత ఒంటి మీద ముదురు మచ్చలో చారలో, కొన్నిటికి అవీ ఉండవు. తోక కొసలు పైక్‌కి గుండ్రంగా, మస్కీకి మొనదేలి ఉంటాయి. ఇంకా అనుమానంగా ఉంటే కింది దవడ అడుగున చిన్న రంధ్రాలు లెక్కపెట్టు, ఒక్కో పక్క ఐదో అంతకు తక్కువో ఉంటే పైక్, ఆరో అంతకంటే ఎక్కువో ఉంటే మస్కీ. పైక్‌కి కూడా సీజన్ ఫిబ్రవరి ఆఖరులో మూస్తారు. ఎంత పొడవుది ఉంచుకోవచ్చు, ఎన్ని ఉంచుకోవచ్చు అన్నది రాష్ట్రంలో మూడు జోన్లకి మూడు రకాలు, మిల్ లాక్స్ లాంటి చోట్ల మళ్ళీ విడిగా నియమాలు ఉంటాయి, బయల్దేరే ముందు డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్ళ పుస్తకం ఆ ఏడాదిదే చూసుకో.

ఇంకొక్కటి. పెద్దవాటిని ఇంటికి తేకు. పెద్ద పైక్ ఏళ్ళ తరబడి చిన్న చేపల్ని తిని పెరిగింది, దాని ఒంట్లో పాదరసం ఎక్కువ, గర్భిణులకీ పిల్లలకీ మరీ మంచిది కాదు. పైగా గుడ్లు పెట్టే తల్లి చేపలు అవే. రూలు ఒప్పుకున్న చిన్న సైజుదే తెచ్చుకో. వెన్నుకి రెండు వైపులా ‘వై’ ఆకారంలో ముళ్ళు వరుసగా ఉంటాయి, అవి తీసేసి ముక్కలు కొయ్యడం నేర్చుకుంటే పులుసుకి, వేపుడుకి చాలా బాగుంటుంది, కండ తెల్లగా గట్టిగా ఉంటుంది. వదిలేసేదాన్ని మంచు మీద పడేసి ఫోటోలు తీయకు, ఆ చలికి కళ్ళు, మొప్పలు గడ్డకడతాయి. రెండు చేతులతో అడ్డంగా పట్టుకోవాలి, దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీయకూడదు. పొడుగు శ్రావణం సంచిలో లేకుండా పైక్‌కి వెళ్ళనే వద్దు.

హిమబిందు (టాంపెరె, ఫిన్లాండ్):

ఇక్కడ పద్ధతి వేరు కాబట్టి రాస్తున్నాను. ఫిన్లాండ్‌లో ఐస్ మీద వాడే మామూలు ‘పిల్కి’ రాడ్ జానెడు, ఎక్కువమందికి రీల్ కూడా ఉండదు, పిడికే లైన్ చుట్టుకుంటారు, దాంతో పట్టేది పెర్చ్ అనే చేప. ఆ రకంగా పట్టుకోవడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. పైక్‌కి మాత్రం ఇక్కడా జెండా లేచే టిప్-అప్ లాంటివే వాడతారు, వాటికి నీటి హక్కుదారుల అనుమతి కావాలి. టాంపెరెలో నాతో వచ్చేవాళ్ళు నా 30 డాలర్ల అమెరికా రాడ్ చూసి ఇంత పొడవెందుకు అంటారు, కానీ పైక్ తగిలినప్పుడు ఆ పొడవు ఎందుకో వాళ్ళకీ అర్థమవుతుంది. ఆగర్ కూడా చూసుకోండి. ఆరంగుళాల కన్నంలోంచి పెద్ద పైక్ తల రాదు, ఎనిమిదంగుళాలు కనీసం, పదైతే హాయి.

గోదారి గాలం:

అందరికీ చాలా చాలా థాంక్స్. 38 అంగుళాల మీడియం హెవీ, సాలిడ్ ఫైబర్‌గ్లాస్, పెద్ద రింగులున్నది చూసి పెట్టాను, 34 డాలర్లు. రీల్ పాతదే, శుభ్రం చేసి ఫ్రీజర్‌లో పెడతాను. 15 పౌండ్ల మోనో, తీగ లీడర్లు, ఒక టిప్-అప్, పొడుగు శ్రావణం, అన్నీ కలిపి 80లోపే వస్తోంది. డ్రాగ్ ఎంత బిగించాలో ఒక్కటి చెప్పండి.

ఉత్తరపు గాలి (డులూత్):

సూట్‌కేసు తూచే చిన్న కాటా ఉంటుంది కదా, లైన్ దానికి కట్టి రాడ్ వంచి లాగు. 15 పౌండ్ల లైన్‌కి నాలుగు పౌండ్ల దగ్గర డ్రాగ్ వదలాలి, ఐదు దాటనివ్వకు. ఇంట్లో ఒకసారి పెట్టుకున్నా సరస్సు మీదికి వెళ్ళి రీల్ చల్లబడ్డాక మళ్ళీ చూసుకో, చలికి బిగుస్తుంది. ఆ మిగిలిన డబ్బుతో మెడలో వేసుకునే ఐస్ పిక్స్ (నీళ్ళలో పడితే మంచుకి గుచ్చి పైకి రావడానికి వాడే మొనలు) కొనుక్కో. మంచు తేటగా, కొత్తగా ఉన్నది నాలుగు అంగుళాలు లేనిదే నడవకు. తెల్లగా పొరలు పొరలుగా ఉంటే దానికి రెట్టింపు ఉండాలి. దారిలో గునపంతో కొట్టి చూసుకుంటూ వెళ్ళు, మిన్నెటోంకాలో అఖాతాల మధ్య సన్నటి దారుల కింద నీళ్ళు కదులుతుంటాయి, అక్కడ మంచు ఎప్పుడూ పల్చనే.